టర్బో ఇంజనులో మితిమీఱిన గాలి



నేటి నా ప్రసంగము కారు ఇంజనును గూర్చినది. బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పుచు జీవితము గడపిన పంతులునకు ఇంజనుతో నేమి పని యని మీరడుగవచ్చును. నేను చందానగర్ నివాసిని. మా వీథి ముంబయి రోడ్డును గలియును. సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదు ప్రాంతముల పల్లెలనుండి పట్టణపు టాసుపత్రులకు రోగులను, బజారులకు కూరగాయలను, కాలేజీలకు పిల్లలను మోసికొనివచ్చు బండ్లు ఈ త్రోవనే పోవును. అందు డీజిలు బండ్లకు ఇంచుమించుగ నన్నిటికిని టర్బో కలదు. ఇటీవలి పెట్రోలు కార్లకును అది వచ్చుచున్నది. పల్లెలో బాడుగకు తిరుగు బండి నిలిచిపోయిన, ఒక కుటుంబమునకు కూడు నిలిచిపోయినట్లే. అట్టి సమయమున మేస్త్రీ "టర్బో పోయింది, మార్చాలి" అనును. అది పదులవేల రూపాయల మాట. ఆ మాటను ఎప్పుడు నమ్మవలెను, ఎప్పుడు నిలిచి ఇంకొక ప్రశ్న వేయవలెను అనునదే నేడు నేను చెప్పదలచినది. గాలి యొత్తిడి ఎక్కువైనదను రోగమున మాత్రము ఆ మాట తఱచుగా తప్పగును.

ముందుగా టర్బో యన నేమో చెప్పెదను. నిప్పు మండుటకు ఇంధన మొక్కటియే చాలదు, గాలి కావలెను. కమ్మరి కొలిమిలో ఎన్ని బొగ్గులు పోసినను తిత్తి యూదనిదే ఇనుము కాగదు. ఇంజనులోను అంతే. సాధారణమైన ఇంజను తన శక్తికొలది గాలిని పీల్చుకొనును. టర్బో గల ఇంజనులోనికి గాలి బలవంతముగ నింపబడును. కొలిమితిత్తి నూదుటకు ఒక మనుష్యుడు కావలెను. ఇచ్చట ఇంజను విడిచిన పొగయే తిత్తి నూదును. ఒకే యిరుసునకు రెండు చిన్న చక్రములుండును. వెడలిపోవు వేడి పొగ యొక చక్రమును త్రిప్పును. ఆ యిరుసుతోపాటు రెండవ చక్రము తిరిగి బయటి గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. కారులోని యీ చక్రములు నిమిషమునకు లక్షసారులకు మించి తిరుగును. వృథాగా పోవు పొగతో పని చేయించుకొను ఈ యుపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905వ సంవత్సరమున పేటెంటు పొందెను.

చందానగర్‌కు ప్రక్కనే రామచంద్రాపురమున బీహెచ్ఈఎల్ కర్మాగారము కలదు. అచ్చట తయారగు ఆవిరి టర్బైనులు విద్యుత్కేంద్రములలో పనిచేయును. ఆవిరి త్రిప్పు చక్రమునకును, పొగ త్రిప్పు చక్రమునకును ధర్మ మొక్కటియే, పరిమాణమే భేదము. పెద్దలలో కొందఱకు డబ్ల్యూడీఎం-2 డీజిలు రైలింజనులు జ్ఞాపకముండును. 1962 నుండి వచ్చిన ఆ యింజనులకును టర్బో యుండెను. కాజీపేట, మౌలాలి షెడ్డులలో వానిని బాగుచేయుచుండిరి. స్టేషను విడుచునపుడు అవి కాటుకమబ్బువలె నల్లని పొగ గ్రక్కెడివి. డీజిలు ముందు వచ్చెడిది. టర్బో వేగమందుకొని గాలి పంపుటకు కొంచెము ఆలస్యమయ్యెడిది. ఆ నడిమికాలపు పొగయే మనము చూచినది.

ఇక ముఖ్యవిషయము. గాలి హెచ్చిన ఇంధనము హెచ్చుగా మండును. ఇంధనము హెచ్చుగా మండిన పొగ హెచ్చును. పొగ హెచ్చిన చక్రము ఇంకను వేగముగా తిరుగును. చక్రపు వేగము హెచ్చిన మరల గాలి హెచ్చును. ఇది వడ్డికి వడ్డి పెరుగు అప్పువంటిది. మధ్య నాపు పద్ధతి లేనిచో ఇంజను పగులుదాక పోగలదు. అందుచే కార్ల టర్బోలకు సాధారణముగా ఒక కళ్లెము ఏర్పఱచిరి. గాలి మితిమీఱినదన్నచో గుఱ్ఱము చెడినదని కాదు, కళ్లెము పట్టు తప్పినదని ముందుగా ననుకొనవలెను. అరిగిపోయిన టర్బో సాధారణముగా గాలిని తక్కువగా నిచ్చును, నూనె కారును, కూతపెట్టును. అరిగినవాడు మునుపటికన్న హెచ్చుగా పని చేయుట లోకములో నెచ్చటను లేదు గదా!

ఈ కళ్లెములు ముఖ్యముగా రెండు రకములు. మొదటిదానిని మేస్త్రీలు వేస్ట్‌గేట్ అందురు. మన చెఱువు మత్తడిని తలచుకొనుడు. చెఱువు నిండిన మీదట నీరు మత్తడి దూకి పోవును, కట్ట నిలుచును. అట్లే గాలి యొత్తిడి హద్దు చేరగానే ఒక చిన్న తలుపు తెఱచుకొని, పొగలో కొంత చక్రమును త్రిప్పకయే ప్రక్కదారిని పోవును. ఈ తలుపును తెఱచునది ఒక డబ్బా, అందులోని పొర, స్ప్రింగు, ఒక కడ్డీ. టర్బోనుండి సన్నని రబ్బరు గొట్టము ఆ డబ్బాకు గాలిని తెచ్చును. ఆ గాలియే పొరను నెట్టి తలుపు తెఱచును.

రెండవ రకము డీజిలు బండ్లలో విశేషముగా నున్నది. ఇందులో పొగ వచ్చు త్రోవలో చక్రము చుట్టును చిన్న రెక్కలుండును. నీళ్లగొట్టపు కొసను బొటనవ్రేలితో సగము మూసిన ధార దూరముగా పోవును గదా. అట్లే రెక్కలు దగ్గఱగా మూసికొన్నపుడు కొద్దిపాటి పొగయు వేగముగా చక్రమును కొట్టును. విప్పుకొన్నపుడు మెల్లగా తాకును. ఇంజను నెమ్మదిగా నున్నపుడు మూసి, జోరందుకొన్నపుడు విప్పవలెను. పలు బండ్లలో ఈ పని వ్యాక్యూము చేయును, అనగా గాలిని పీల్చివేయుటచే గలుగు లాగుడు. కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి ఒక చిన్న విద్యుత్ వాల్వు ఆ లాగుడును హెచ్చించుచు తగ్గించుచు నుండును. కొన్నిటిలో వ్యాక్యూమునకు బదులు చిన్న మోటారే రెక్కలను త్రిప్పును.

ఇచ్చట నొక మెలిక కలదు. చాలమంది మేస్త్రీలు దీనియందే పొరబడుదురు. గొట్టము తెగుట యను ఒకే దోషము ఈ రెండు రకములలో రెండు విరుద్ధఫలముల నిచ్చును. వేస్ట్‌గేట్ బండిలో గొట్టము ఊడిన, తలుపు తెఱచుకొనదు, గాలి మితిమీఱును. వ్యాక్యూముతో రెక్కలను మూయు బండిలో గొట్టము ఊడిన, రెక్కలు విప్పుకొనియే యుండును, గాలి తక్కువగును. కావున "గొట్టము తెగినది, అందుచే గాలి ఎక్కువైనది" యని యెవ్వడైన చెప్పిన, "అయ్యా, ఈ బండి ఏ రకముది?" అని యడుగుడు. జవాబు చెప్పలేనివానికి బండి అప్పగింపకుడు.

రోగలక్షణముల కిప్పుడు వత్తము. బండి ఊరిలో బాగుగనే నడుచును. పెద్దరోడ్డెక్కి, నిండు బరువుతో ఒక లారీని దాటబోవునపుడో, మిట్ట యెక్కునపుడో తఱుచుగా ముందొక జోరు కనబడును. వెంటనే ఎవరో వెనుకనుండి పట్టి లాగినట్లు బలము పడిపోవును. డాష్‌బోర్డుమీద ఇంజను గుర్తు వెలుగును. ఆ తరువాత ఎంత తొక్కినను బండి కుంటినడక నడుచును. ప్రక్కకు తీసి, తాళము త్రిప్పి ఆపి, మరల స్టార్టు చేసిన, ఏమియు జరుగనట్లు మునుపటివలె పరుగెత్తును. తాళము త్రిప్పగానే నయమగు ఈ విచిత్రమును జూచి కొందఱు గ్రహచార మనుకొందురు. అది గ్రహచారము కాదు. ఒత్తిడి హద్దు దాటినదని తెలిసినవెంటనే కంప్యూటరు ఇంజనును గాపాడుటకు ఇంధనమును తగ్గించినది. మరల స్టార్టు చేయగానే ఆ నిర్బంధమును ఎత్తివేసినది. దోషము మాత్రమట్లేయున్నది. ఇట్లు రోజుకు పదిసారులు ఆపి తీసి తిరుగువారిని నేనెఱుగుదును. ఎదుట లారీ వచ్చుచుండగా బండి బలము పోవుట ప్రాణాపాయము. రోగమును సాగదీసినచో పెట్రోలు ఇంజనులో పిస్టను పగులును, డీజిలులో హెడ్ గాస్కెట్టు పోవును, చక్రము మితిమీఱి తిరిగి టర్బోయే నిజముగా చెడును. అప్పుడు మేస్త్రీ మాట సత్యమగును.

స్కానరు పెట్టిన పి0234 అను సంకేతము కనబడును. గాలి కావలసినదానికన్న ఎక్కువైనదని దాని యర్థము. పి0299 అన్నచో తక్కువైనదని యర్థము. అది వేఱు రోగము, వేఱు చికిత్స. పి0234 అనునది లక్షణమునకు పేరేకాని కారణమునకు పేరు కాదు. జ్వరమని చెప్పినంతమాత్రమున వైద్యుడు మందీయడు. మన భాషలో రోగము కనుగొనుటకును, తొందరపడకుండుటకును 'నిదానము' అను నొక్క మాటయే చెల్లుచున్నది. ఈ పనికి రెండర్థములును తగియున్నవి.

తర్కము చదువుకొన్నవారు మొదట ప్రమాణమును పరీక్షింతురు. కొండమీద పొగ జూచి నిప్పున్నదని యూహించువాడు, అది పొగయో మంచో ముందు తేల్చుకొనవలెను. ఇచ్చట పొగవంటిది సెన్సారు. ఒత్తిడిని కొలిచి కంప్యూటరునకు చెప్పునది అదే. అది అబద్ధమాడిన తక్కినదంతయు అబద్ధమే. దీనిని పరీక్షించుటకు పైసా ఖర్చు లేని యుపాయము కలదు. ఇంజను స్టార్టు చేయక తాళము మాత్రము త్రిప్పి స్కానరులో ఒత్తిడి యెంతయో చూడుడు. ఇంజను తిరుగనపుడు గొట్టములలో నున్నది మామూలు వాతావరణపు గాలియే. సముద్రతీరమున విశాఖపట్టణములో అది సుమారు 101 కిలోపాస్కలులు. హైదరాబాదు సముద్రమట్టమునకు 540 మీటర్ల యెత్తున నుండుటచే ఇచ్చట సుమారు 95. చందానగర్‌లో నిలిపియున్న బండి 95 ప్రాంతమున చూపిన సెన్సారు ప్రథమపరీక్షలో నెగ్గినది. 115, 120 చూపినచో, లేని గాలిని ఉన్నదని చెప్పుచున్నదన్నమాట. అప్పుడు దానిని విప్పి మసిని, జిడ్డును తుడిచి మరల చూడవలెను. తీగె పిన్నులు చూడవలెను. అప్పటికిని మాఱకున్న సెన్సారును మార్చవలెను. టర్బో జోలికి పోనక్కఱలేదు.

లెక్కలో నొక చిక్కు కలదు, చెప్పెదను. టైరులో 30 పౌండ్ల గాలి పెట్టింతుము. అది బయటి గాలికి పైన నున్న ఒత్తిడి. పంచరైన టైరునకు గేజి సున్న చూపును. స్కానరు అట్లుకాదు, బయటి గాలినిగూడ కలిపి చూపును. స్కానరు 220 అన్నచో, అందు 95 మామూలు గాలి. టర్బో యిచ్చినది 125 మాత్రమే. టైరు లెక్కలో అది 18 పౌండ్లు. డీజిలు బండి బరువు లాగునపుడు ఇది వింతకాదు. ఈ భేద మెఱుగక 220 అంకెను జూచి గాలి మితిమీఱినదని బెదరినవారును కలరు.

సెన్సారు నిజవాది యని తేలిన తరువాత రోడ్డుమీద పరీక్ష. ఒకడు నడుపవలెను, మఱియొకడు ప్రక్కన కూర్చుండి స్కానరు చూడవలెను. నడుపువాడే తెఱ చూచుట కూడదు. కంప్యూటరు కోరిన ఒత్తిడి ఒక అంకె. నిజముగా వచ్చిన ఒత్తిడి రెండవ అంకె. రెండును ఒకదానివెంట నొకటి నడువవలెను. తటాలున తొక్కినపుడు వచ్చినది కోరినదానిని రెప్పపాటుకాలము మించి దిగుట సహజమే. కోరినది 210 యై, వచ్చినది 250 యై, అట్లే నిలిచినచో కళ్లెము వదలినది. కోరినదియే అసహజముగా హెచ్చియున్నచో, ఎవరో కంప్యూటరులోని లెక్క మార్చినారు. మఱియొక సందర్భ మున్నది: తెఱమీద అన్నియు సరిగానే యుండును, కాని ఇంజను గొట్టమునకు తగిలించిన చేతిగేజి మాత్రము ఎక్కువ చూపును. అప్పుడు సెన్సారుతీగెకు నడుమ ఏదో పెట్టె తగిలించి కంప్యూటరును మోసపుచ్చుచున్నారేమో వెదకవలెను.

ఈ పెట్టెలనుగూర్చి ఒక మాట. పికప్పు పెంచెదమని యువకులకు వీనిని అమ్ముచున్నారు. సెన్సారు మాటను తగ్గించి చెప్పి, కంప్యూటరుచేత ఇంకను గాలి పెట్టించుట వీనిలో కొన్నిటి పని. కావలివానికి గంతలు కట్టి ఇల్లు భద్రముగ నున్నదనుట వంటిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. చట్ట మటుండనిండు, ఇంటికి బాడుగ తెచ్చు బండిమీద ఈ ప్రయోగములు చేయువాడు విత్తనపుగింజలు వండుకొని తినువానికన్న తెలివిగలవాడని నేననుకొనను.

సెన్సారు మంచిదై, వచ్చిన ఒత్తిడి నిజముగనే హెచ్చినచో అప్పుడు కళ్లెమును చూడవలెను. ఇంజను చల్లగా నుండవలెను. వేడిమీద టర్బో దగ్గఱ చేయి పెట్టిన చర్మము ఊడివచ్చును. వేస్ట్‌గేట్ రకములో మొదట గొట్టము: పగిలెనా, ఊడెనా, మడతపడెనా. తరువాత కడ్డీ: చేతిపంపుతో డబ్బాకు గాలి పెట్టిన కదలుచున్నదా, తలుపు తుప్పుతో బిగిసినదా. వ్యాక్యూము రకములో, చాల బండ్లలో స్టార్టు చేయగానే కడ్డీ లోనికి లాగబడును, ఆపగానే తిరిగి వచ్చును. ఒకడు తాళము త్రిప్పుచుండగా మఱియొకడు దీపము వేసి దూరమునుండి చూచిన చాలును. కడ్డీ అడ్డులేక పోయి, అడ్డులేక రావలెను. జంకుచు, ఆగుచు, కుదుపుతో వచ్చినచో రెక్కలకు మసి పట్టినది. ఇది మా ప్రాంతపు బండ్లకు సహజరోగము. మియాపూరునుండి లింగంపల్లివఱకు బండ్లు ప్రొద్దున సాయంకాలము నత్తలవలె ప్రాకును. అట్లు నెలలతరబడి రెక్కలు మూసినచోటనే యుండి, మసి గట్టిపడును. ఒకనాడు సంగారెడ్డి దాటి తొక్కినపుడు రెక్కలు విప్పుకొనవలెను, విప్పుకొనలేవు. పొగ హెచ్చును, త్రోవ ఇఱుకు, గాలి మితిమీఱును. దీనికి టర్బోను దించి, రెక్కలగూడును విప్పి శుభ్రపఱచుట ఉత్తమము. సీసాలో మందు చల్లి నయము చేసెదమనువారి చికిత్స కొన్నాళ్ల ముచ్చట.

కడ్డీ సులువుగా కదలుచున్నను గాలి ఎక్కువైనచో మిగిలినది విద్యుత్ వాల్వు. ఇచ్చట మా మేనల్లుని బండి కథ చెప్పక తీఱదు. అతడు సదాశివపేటనుండి రోగులను తెచ్చు డీజిలు జీపు నడుపును. పై లక్షణములన్నియు కనబడెను. ఒక వర్కుషాపువారు టర్బో మార్చవలెనని, మార్చి, పెద్ద మొత్తము పుచ్చుకొనిరి. ఇంటిలోని పుస్తెలతాడు కుదువకు పోయెను. వారము తిరుగకముందే, ఒక నిండుచూలాలిని తెచ్చుచుండగా, పటాన్‌చెరు దగ్గఱ బండి మరల కుంటుపడెను. దైవవశమున సమయమునకే చేరిరి. పిమ్మట మా వీథి చివర చిన్న షెడ్డు పెట్టుకొన్న ఒక కుఱ్ఱమేస్త్రీ చూచినాడు. అతడు మొదట తాళము త్రిప్పి అంకె చూచెను, 95. కడ్డీ చూచెను, సులువు. తరువాత వాల్వును విప్పి, గోరంత ఫిల్టరును నాకు చూపి, "సారూ, బీమారి గుండెది కాదు, ముక్కుది" అనెను. వాల్వు లాగుడును తగ్గింపవలెనన్న బయటినుండి కొంచెము గాలి పీల్చుకొనవలెను. ఆ ఫిల్టరు దుమ్ముతో పూర్తిగా మూసికొనిపోయినది. గాలి లోనికి రాదు, లాగుడు తగ్గదు, రెక్కలు విప్పుకొనవు. పాత టర్బోకును ఇదియే రోగము. క్రొత్త టర్బోకును ఇదియే రోగము. ఫిల్టరు శుభ్రపఱచుటకు అతడు పుచ్చుకొన్నది రెండువందల రూపాయలు. తీసివేసిన పాత టర్బో నెచ్చట పాఱవేసిరో ఇప్పటికిని తెలియదు.

అందుచే మీ యింటి పిల్లలు బండిని వర్కుషాపునకు తీసికొనిపోవునపుడు ఒక కాగితముమీద వ్రాయించి యిండు: ఇంజను ఆపియున్నపుడు సెన్సారు చూపిన అంకె యెంత? రోడ్డుమీద కోరిన ఒత్తిడి యెంత, వచ్చినదెంత? కడ్డీ కదలికను చూచితిరా? వాల్వును, దాని ఫిల్టరును చూచితిరా? ఈ నాలుగింటికి అంకెలతో, మాటలతో జవాబు వ్రాసి యిచ్చిన తరువాతనే టర్బో మార్చు మాట వినుడు. మార్చినచో పాత సామాను బండిలో వేయించుకొని తీసికొనిరండు. బాగుచేసిన పిదప అదే రోడ్డుమీద, అదే బరువుతో, అదే మిట్టయెక్కి మరల రెండంకెలను చూడుడు. రెండును కలిసి నడచుచున్నచో డబ్బిచ్చి రావచ్చును.